పరిహారం: కట్టేదా, తప్పించుకునేదా?



ఇంగ్లీషు దినపత్రిక చదివే అలవాటున్న పిల్లలకు ‘స్కాట్ ఫ్రీ’ అనే మాట తరచుగా కనబడుతుంది. ఫలానా కేసులో నిందితుడు ‘స్కాట్ ఫ్రీ’గా బయటపడ్డాడని రాస్తారు. తప్పు చేసి కూడా ఏ శిక్షా పడకుండా తప్పించుకున్నాడని దాని భావం. ఈ స్కాట్ ఎవరని అడిగితే పిల్లలు రెండు జవాబులు చెబుతారు. స్కాట్లండ్ వాళ్లు పిసినారులు, డబ్బు కట్టకుండా జారుకుంటారు కాబట్టి ఆ పేరు వచ్చిందనేది ఒకటి. అమెరికాలో 1857లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసు నుంచి వచ్చిందనేది రెండోది. రెండూ తప్పే. ఇంటర్నెట్‌లో రెండూ దొరుకుతాయి, అందుకే ఇక్కడ చెప్పాల్సి వస్తోంది.

ఆ మాట డ్రెడ్ స్కాట్ కంటే ఎనిమిది వందల ఏళ్లు పెద్దది. 11వ శతాబ్దపు ఇంగ్లండు రాజపత్రాల్లోనే ఉంది. అక్కడ ‘స్కాట్’ అంటే మనిషి పేరు కాదు, దేశం పేరూ కాదు. స్కాట్ అంటే పన్ను, లేదా నలుగురూ కలిసి పెట్టిన ఖర్చులో ఒక్కొక్కరి వంతుకు వచ్చే వాటా. ఫలానా భూమి ‘స్కాట్ ఫ్రీ’ అంటే పన్ను లేని భూమి అని. సత్రంలో పదిమంది కలిసి తిని తాగి, ఒకడు తన వాటా ఇవ్వకుండా లేచిపోతే వాడూ స్కాట్ ఫ్రీయే. ఫ్రెంచి వాళ్లు భోజనం బిల్లులో తమ వాటాను ఇప్పటికీ దాదాపు అదే మాటతో ‘ఎకో’ అంటారు. శిక్ష పడకుండా బయటపడటం అనే అర్థం 16వ శతాబ్దం నాటికి స్థిరపడింది. ముందు డబ్బు కట్టకపోవడం, తర్వాత శిక్ష అనుభవించకపోవడం.

ఈ స్కాట్ అనే మాటకు, ‘షూట్’ అనే మాటకు మూలం ఒకటే. విసరడం, వేయడం అని. అందరూ తలా కొంత డబ్బు మధ్యలో పడేస్తారు కదా, అదీ స్కాట్. ఇది వింటే తెలుగువాళ్లకు ఆశ్చర్యం కలగదు. పుట్టినరోజు కేకుకో, టీచర్స్ డే బహుమతికో మన పిల్లలు ఏమనుకుంటారు? ‘తలా వంద వేసుకుందాం’ అనుకుంటారు. మన భాషలోనూ డబ్బును ‘వేస్తాం’.

వేసేవాళ్లు, కట్టేవాళ్లు

ఇక్కడ కాస్త ఆగి మన మాటలే చూసుకుందాం. పన్ను ‘వేస్తారు’. జరిమానా ‘వేస్తారు’. శిక్ష కూడా ‘వేస్తారు’. పైనుంచి వేసేవాడి వైపు నుంచి చూస్తే మూడింటికీ క్రియ ఒకటే. కింద ఉన్నవాడి వైపు నుంచి చూస్తే పన్ను ‘కడతాం’, జరిమానా ‘కడతాం’, ఫీజు ‘కడతాం’. శిక్ష ఒక్కదాన్ని మాత్రం కట్టం, ‘అనుభవిస్తాం’. పాత కుల పంచాయతీల్లో ‘తప్పు కట్టడం’ అనే మాట కూడా ఉండేది. పెద్దలు ‘తప్పు వేస్తారు’, దోషి ‘తప్పు కడతాడు’. అంటే చేసిన నేరం పేరే దానికి కట్టే డబ్బుకూ పేరైంది.

‘దండుగ’ కథ ఇంకా విచిత్రం. దండం అంటే కర్ర. కర్రతో వేసేది దండన, రాజు వసూలు చేసేది దండుగ. దండుగ అంటే జరిమానా అనే అర్థం ఇప్పుడు మన నోళ్లలో దాదాపు పోయింది. ‘ఆ కోచింగుకు పెట్టిన డబ్బంతా దండగ’ అంటున్నాం. కట్టినందుకు తిరిగి ఏమీ రాదు కాబట్టి జరిమానా కాస్తా వృథా ఖర్చు అయింది. ‘జరిమానా’ ఫారసీ నుంచి వచ్చింది. ‘జుర్మ్’ అంటే నేరం, నేరానికి కట్టేది జుర్మానా. మన తాతలు ‘జుల్మానా’ అనేవారు.

‘మాఫీ’ కూడా ఇదే దారి నడిచింది. అరబ్బీ మూలం నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చిన ఈ మాటకు క్షమించడం అని అర్థం. మొగలాయీ కాలం నుంచి బ్రిటిషు రికార్డుల దాకా ‘మాఫీ భూమి’ అంటే శిస్తు లేని భూమి. ఇంగ్లండు స్కాట్ ఫ్రీ, మన దేశపు మాఫీ ఒకరినొకరు ఎరగని కవలల్లా కనిపిస్తాయి. మాఫీ ఈనాడు తెలుగులో ఎక్కువగా అప్పుల పక్కన కనిపిస్తుంది. ‘రుణమాఫీ’ తెలియని ఇల్లు పల్నాడులో లేదు. తప్పులకైతే హిందీ సినిమాలో మాఫీ అడుగుతారు, తెలుగువాళ్లం ‘సారీ’ చెప్పి ఊరుకుంటున్నాం.

లాటిన్‌లోనూ ఇదే సంగతి. శిక్ష పడుతుందనే భయమే లేని స్థితిని ఇంగ్లీషులో ‘ఇంప్యూనిటీ’ అంటారు. దానిలో ఉన్నది ‘పీనా’ అనే లాటిన్ మాట. మీ పిల్లలు ఫుట్‌బాల్‌లో చూసే ‘పెనాల్టీ’, టీచర్లు వాడే ‘పనిష్‌మెంట్’, డాక్టరు అడిగే ‘పెయిన్’ అన్నీ ఆ ఇంటి పిల్లలే. దాని వెనుక ఉన్న గ్రీకు మాటకు తొలి అర్థం, ఒక మనిషిని చంపినందుకు అతని కుటుంబానికి కట్టే సొమ్ము. ఇన్ని భాషల్లో శిక్ష తప్పించుకునే మాటలు డబ్బు లెక్కల నుంచే పుట్టాయి. మన ప్రాంతంలో దొరికిన రాగిరేకుల్లో ఇలాంటి మాటే ఒకటి పదహారు పదిహేడు వందల ఏళ్ల కిందటే కనిపిస్తుంది.

మైదవోలు రాగిరేకులు

నరసరావుపేట ప్రాంతంలోని మైదవోలు గ్రామంలో ఒక రాగిశాసనం దొరికింది. కంచి నుంచి పాలించిన పల్లవుల యువరాజు శివస్కందవర్మ వేయించినది. కాలం సుమారుగా 4వ శతాబ్దం తొలినాళ్లు. భాష ప్రాకృతం. జర్మన్ పండితుడు హుల్ట్జ్ దాన్ని చదివి ప్రకటించాడు. చరిత్ర పుస్తకాల్లో మైదవోలు పేరు అందుకే వస్తుంది. ఆంధ్రదేశంలో పల్లవుల ఏలుబడికి తొలి సాక్ష్యాల్లో ఇదొకటి.

శాసనం కాంచీపురం నుంచి వెలువడింది. అందులోని ఆజ్ఞ మాత్రం ‘ధఞ్ఞకడ’లో ఉన్న ఉద్యోగికి. ధఞ్ఞకడ అంటే ధాన్యకటకం, నేటి అమరావతిని ఆనుకుని ఉన్న ధరణికోట. ‘ఆంధ్రాపథంలోని విరిపర అనే గ్రామాన్ని ఇద్దరు బ్రాహ్మణులకు దానంగా ఇచ్చాం. ఆ గ్రామానికి ఫలానా ఫలానా పరిహారాలు ఇచ్చాం. మీరు వాటిని పాటించండి, ఇతరుల చేతా పాటింపజేయండి’ అన్నది ఆజ్ఞ సారాంశం.

ఇక్కడి ‘పరిహారాలు’ డబ్బు సాయం కాదు. సంస్కృత ధాతువును బట్టి పరిహరించడం అంటే పక్కన పెట్టడం, తొలగించడం, వదిలిపెట్టడం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో పరిహారం అంటే పన్ను మినహాయింపు. శివస్కందవర్మ శాసనంలోని జాబితా చూస్తే ఆనాటి పల్లె బతుకు కళ్లముందుకొస్తుంది. ఆ ఊళ్లో రాజు మనుషులు ఉప్పు కోసం తవ్వకూడదు. వంతులవారీగా ఎడ్లను పంపమని అడగకూడదు. సైనికులు ఊళ్లోకి అడుగుపెట్టకూడదు. వచ్చిపోయే ఉద్యోగులకు అన్నం, నీళ్ల కుండలు, మంచాలు, ఉండటానికి ఇల్లు ఇమ్మని పీడించకూడదు. ఈ మినహాయింపులు ఇచ్చారంటే, మిగతా ఊళ్లన్నీ ఇవన్నీ ఇస్తున్నాయనే కదా. ఎడ్లు, అన్నం, మంచాలు. పన్ను అంటే అప్పుడు నాణేలు మాత్రమే కాదు.

శాతవాహనుల నాసిక్ శాసనాల్లోనూ ఇలాంటి జాబితా, దాదాపు ఇవే మాటలతో కనిపిస్తుంది. అంటే ఇది శివస్కందవర్మ కొత్తగా రాయించింది కాదు, ఆఫీసులో తరతరాలుగా నడిచిన నమూనా. మన రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో అర్థం తెలియకపోయినా అందరూ సంతకం పెట్టే పేరాలు ఉంటాయి చూడండి, అలాంటిది.

శాసనం చివరి భాగం ఈ వ్యాసానికి అసలైన సంగతి. ఈ మా ఆజ్ఞను మీరి ఎవరైనా ఆ ఊరిని బాధపెట్టినా, ఇతరుల చేత బాధ పెట్టించినా, వాళ్లకు మేమే శరీర దండన విధిస్తాం అని యువరాజు హెచ్చరిస్తాడు. ఇది ఎవరికి? దానం పొందినవాళ్లకు కాదు, ఊరివాళ్లకూ కాదు. మినహాయింపును లెక్కచేయని ఉద్యోగులకు. ఒకే రేకులో ఒకరికి పరిహారం, ఇంకొకరికి దండన. ఒకరికి ఇచ్చిన మినహాయింపు నిలబడాలంటే దాన్ని మీరినవాడికి మినహాయింపు ఉండకూడదని ఆ యువరాజు దగ్గర రాసినవాళ్లకు తెలుసు.

ఆ వాక్యంలో ‘సాసన’ అనే మాట రెండుసార్లు వస్తుంది. మొదటిసారి ఆజ్ఞ అనే అర్థంలో, రెండోసారి దండన అనే అర్థంలో. సంస్కృతంలో అది ‘శాసనం’, ధాతువు ‘శాస్’. ఆజ్ఞాపించడం, దండించడం, బోధించడం అన్నీ ఆ ధాతువు పనులే. శాస్త్రం అక్కడిదే, శిష్యుడు అక్కడివాడే. పదో తరగతి సంస్కృతం తీసుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఈ సంగతి వాళ్లను అడిగి చూడండి.

‘శిక్ష’ మాటకూ ఇలాంటి రెండు ముఖాలున్నాయి. దాని అసలు అర్థం నేర్చుకోవడం. హిందీలో శిక్షా అంటే చదువు, తెలుగులో శిక్ష అంటే దండన. తైత్తిరీయోపనిషత్తులో మొదటి వల్లి పేరే శీక్షావల్లి. అక్కడ అది ఉచ్చారణ నేర్పే విద్య. కేంద్రం 2001లో ‘సర్వ శిక్షా అభియాన్’ ప్రారంభించినప్పుడు, పథకం పేరు చూసి అందరికీ శిక్షలే శిక్షలు అనుకుని నవ్వుకున్న తెలుగువాళ్లు తక్కువేం కాదు. ‘శిక్షణ’లో మాత్రం పాత అర్థం తెలుగులోనూ బతికే ఉంది.

మినహాయింపు నుంచి ప్రాయశ్చిత్తానికి

పరిహారం అంటే వదిలిపెట్టడం అయితే, మనం ఇప్పుడు దేవాలయంలో వినే ‘దోష పరిహారం’ ఏమిటి? రాజు పన్ను వదిలిపెట్టినట్టే, చేసిన దోషపు ఫలితం మనల్ని వదిలిపెట్టాలని కోరుకోవడం. అందుకోసం దానమో, పూజో, యాత్రో చేయడం. ఇక్కడ మాట కొంచెం పక్కకు జరిగింది. వదిలిపెట్టడం అనే ఫలితం పేరు, దాన్ని పొందడానికి చేసే పనికి అంటుకుంది. జాతకం చూసేవారు ‘పరిహారం ఏమిటంటే’ అని మొదలుపెడితే మనం ఖర్చు ఎంత అన్నట్టు వింటాం.

అమరావతి ఊరికి ఈ అర్థంతో గట్టి సంబంధం ఉంది. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కృష్ణ ఒడ్డునే ఉన్న చింతపల్లి నుంచి తన రాజధానిని అమరావతికి మార్చాడు. ఆ ఊరిని కొత్తగా కట్టించినది ఆయనే. అమరేశ్వరాలయాన్ని బాగుచేయించడం, ఎన్నో ఆలయాలు కట్టించడం, దానధర్మాలు, ఇవన్నీ ఈనాటికీ ఆయన పేరు మీద చెప్పుకుంటారు. ఊరి నిర్మాణానికి రాళ్లు, ఇటుకలు తీస్తుంటేనే దీపాలదిన్నె కింద మహాస్తూపం బయటపడింది, కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. ఇప్పుడు చెన్నై మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్న అమరావతి శిల్పాల కథకు మొదలు అదే.

ఆయన రాజధాని మార్పుకు స్థానికంగా ఒక కథ చెబుతారు. దోపిడీలు చేస్తున్నారన్న కోపంతో చెంచులను భోజనానికి పిలిపించి వందలమందిని నరికించాడట. ఆ తర్వాత ఆయన ఎదుట పెట్టిన అన్నం పురుగులుగా కనిపించేదట, ముద్ద దిగేది కాదట. పెద్దలు చెప్పిన పరిహారంగా అమరేశ్వరుడి సన్నిధికి వచ్చి, శేష జీవితాన్ని ఆలయాలకూ దానాలకూ అర్పించాడట. అమరావతి దగ్గర్లోని నరుకుళ్లపాడు ఊరి పేరు ఆ నరుకుడు నుంచే వచ్చిందంటారు. ఊరి పేర్ల కథలను చరిత్రగా తీసుకోనక్కర్లేదు. చాలాసార్లు పేరు ముందు ఉంటుంది, కథ తర్వాత పుడుతుంది.

అయినా ఆ కథను జనం ఎలా అల్లుకున్నారో గమనించదగ్గది. అందులో కోర్టు లేదు, విచారణ లేదు. జమీందారును నిలదీయగలిగిన మనిషి ఒక్కడూ కథలోకి రాడు. అంటే ఇంగ్లీషువాడి మాటలో చెప్పాలంటే ఆయన స్కాట్ ఫ్రీ. కథ చెప్పిన జనం మాత్రం అలా వదిలిపెట్టలేదు. అన్నం పళ్లెంలోనే శిక్షను పెట్టారు. తర్వాత ఆయన కట్టించిన గుడులను కూడా కాదనకుండా, వాటిని ఆ శిక్షకు జవాబుగా నిలబెట్టారు. ఒక దాతను తలుచుకుంటూనే, చచ్చిపోయినవాళ్లను మరవకుండా ఉండటానికి ఊరు వెతుక్కున్న దారి ఇది. ఆ కథలో చెంచుల కుటుంబాలకు ఏం దక్కిందో ఎవరూ చెప్పరు. పరిహారమంతా దేవుడికీ, రాజుకూ మధ్యనే జరిగిపోయింది.

మూడో అర్థం మనందరికీ బాగా తెలిసినదే. నష్టపరిహారం. నాగార్జునసాగర్ కింద ఊళ్లు మునిగినవాళ్లు, రోడ్డు వెడల్పులో ఇల్లు పోయినవాళ్లు, పంట నష్టపోయినవాళ్లు, బస్సు ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ‘పరిహారం ఎంత ఇచ్చారు?’ అన్న ప్రశ్న వింటూనే ఉంటారు. శివస్కందవర్మ కాలంలో పరిహారం అంటే కట్టనక్కర్లేకపోవడం. ఇప్పుడు పరిహారం అంటే కట్టితీరాల్సింది. మాట అదే, చేయి మారింది. ఈ మూడో అర్థంలో ఒక మంచి ఉంది. దేవుడికి కాదు, నష్టపోయిన మనిషికి ఇవ్వాలి. నరుకుళ్లపాడు కథలో లేనిది అదే.

తప్పు, తప్పించుకోవడం

ఇప్పటిదాకా చూసినవి చాలావరకు బయటి నుంచి వచ్చిన మాటలు. అచ్చ తెలుగులో ‘తప్పు’ ఉంది. తమిళ, కన్నడాలకూ ఇది సొంతమే. దీని మొదటి అర్థం నేరం కాదు, జారిపోవడం, గురి చేరకపోవడం. దారి తప్పాడు, మాట తప్పాడు, తిరునాళ్లలో పిల్లవాడు తప్పిపోయాడు, పరీక్ష తప్పాడు. అదే క్రియ, ‘ప్రమాదం తప్పింది’ అన్నప్పుడు మనం ఊపిరి పీల్చుకుంటాం. వేటగాడి బాణం గురి తప్పితే వేటగాడికది తప్పు, పిట్టకది తప్పించుకోవడం. ఒకే మాట ఇద్దరికీ సరిపోయింది. తప్పనిది ‘తప్పనిసరి’.

అందుకే ‘తప్పు చేసి తప్పించుకున్నాడు’ అన్న వాక్యం తెలుగులో ఒకే మాటను రెండుసార్లు అన్నట్టుంటుంది. ఆ తప్పుకు పిల్లల దగ్గర ఇంకో క్రియ కూడా ఉంది, ‘దిద్దుకోవడం’. పలక మీద అక్షరం దిద్దినట్టు, నోటుబుక్కులో టీచరు ఎర్రసిరాతో దిద్దినట్టు. తప్పించుకోవడంలో తప్పు అక్కడే ఉంటుంది, మనిషి దాటుకుంటాడు. దిద్దుకోవడంలో మనిషి అక్కడే ఉంటాడు, తప్పు పోతుంది.

దీన్ని మీకు రాయడానికి కారణం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలకు శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. సరైన చట్టం. కర్ర పోయింది. కర్ర పోయిన చోటికి మెల్లగా డబ్బు వచ్చి కూర్చుంటోంది. పుస్తకం పోయిందా, ఫైన్. ఆలస్యమా, ఫైన్. అద్దం పగిలిందా, ఇంటికి బిల్లు. చాలా స్కూళ్ల ‘లేట్ ఫీజు’ కూడా ఈ కోవలోదే, దాన్ని ఒప్పుకుని మాట్లాడటమే మర్యాద. ఫీజు కట్టే ఇళ్లలో పిల్లలకు డబ్బు అంటే ఏదైనా సర్దే సాధనం అన్న భావన తొందరగా వస్తుంది. ‘ఎంతైతే అంత కట్టేస్తాం, వదిలేయండి సార్’ అని నాన్న అన్న మాట పిల్లవాడు విన్నాడనుకోండి, వాడికి పరిహారం అర్థమైపోయినట్టే. కట్టింది నాన్న, బయటపడింది తను.

ఇంగ్లీషు ‘ఫైన్’ కూడా ఇక్కడ సాయపడుతుంది. ‘ఫైనల్’, ‘ఫినిష్’ ఏ మూలం నుంచి వచ్చాయో ఫైన్ కూడా అక్కడిదే. అంతం చేయడం, మన వాడుకలో చెప్పాలంటే ‘సెటిల్’ చేసేయడం. డబ్బు ఇచ్చారు, సంగతి ముగిసింది. ఇలా ముగించడం వల్ల ఏమవుతుందో ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో యూరి నీజీ, ఆల్డో రుస్టికీనీ అనే ఆర్థికవేత్తలు చూశారు. 10 శిశు సంరక్షణ కేంద్రాల్లో 20 వారాలు లెక్కలు తీశారు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తుంటే, 6 కేంద్రాల్లో 10 నిమిషాలు దాటితే 10 షెకెళ్ల జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గాలి కదా? పెరిగాయి, దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు టీచరమ్మను కూర్చోబెట్టామే అని మొహమాటపడేవాళ్లు, జరిమానా వచ్చాక అదనపు గంటకు రేటు కడుతున్నట్టు నింపాదిగా వచ్చారు. తర్వాత జరిమానా ఎత్తేసినా ఆలస్యాలు పాత స్థాయికి దిగలేదు. 2000లో అచ్చయిన ఆ పరిశోధన సారం ఒక్కమాటలో చెప్పాలంటే, జరిమానా ధరగా మారిపోయింది.

ఇది పసిపిల్లల సంగతి. మన దగ్గర ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు స్కూటీ మీద ట్యూషన్‌కు వెళ్లడం ఇంతకంటే పెద్ద సంగతి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 199ఏ సెక్షన్ ఉంది. మైనర్ వాహనం నడిపి నేరం జరిగితే సంరక్షకుడినో వాహన యజమానినో దోషిగా ఎంచుతుంది. 3 ఏళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. ‘నాకు తెలియకుండా తీసుకెళ్లాడు’ అంటే దాన్ని నిరూపించుకోవాల్సింది తల్లిదండ్రులే, బండి మీరే ఇచ్చారని కోర్టు ముందే అనుకుంటుంది.

జైలు భయం చూపడానికి ఇది చెప్పడం లేదు. చలానా రాసే చోట ఆపినప్పుడు మనం మొదట ఏం చేస్తామన్నదే ప్రశ్న. చాలాసార్లు జేబులోంచి తీసేది బండి కాగితాలు కాదు, ఫోను. ఎవరో ఒక బాబాయికి, ఎవరో ఒక అన్నకు ఫోన్ వెళుతుంది, బండి కదులుతుంది. వెనక సీటులో కూర్చున్న పిల్లవాడు హెల్మెట్ గురించి నేర్చుకున్నది ఏమీ లేదు. ఎవరి నంబరు దగ్గర ఉంచుకోవాలో నేర్చుకున్నాడు. ఇంప్యూనిటీ అనే మాటకు ఇంగ్లీషు క్లాసులో ఇచ్చే ఏ వివరణా దీనంత స్పష్టంగా ఉండదు.

స్కూలు నుంచి ఇలాంటి కబురు వచ్చినప్పుడు, అంటే మీ అబ్బాయి పక్క పిల్లవాడి సైకిల్ పాడుచేశాడనో, మీ అమ్మాయి ప్రాజెక్టును నెట్‌లోంచి ఎత్తి రాసిందనో తెలిసినప్పుడు, డబ్బు ప్రస్తావన చివర్లో తెస్తే మేలు. ముందు ‘ఎవరికి నష్టం జరిగింది?’ అని పిల్లల్నే అడగండి. సైకిల్ సంగతిలో జవాబు స్కూలు కాదు, సైకిల్ ఉన్న పిల్లవాడు. తర్వాత ‘వాడికి ఏం చేస్తే సరిపోతుంది?’ అని అడగండి. పిల్లలు చెప్పే జవాబులు చాలాసార్లు మనం ఊహించిన దానికంటే బాగుంటాయి. తనే రిపేరు షాపుకు తీసుకెళతాననవచ్చు, రెండు రోజులు తన సైకిల్ ఇస్తాననవచ్చు. కొత్త చైన్ డబ్బులు మీరే ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి, వాటిని పిల్లవాడి చేతే ఆ ఇంటికి పంపండి. ప్రాజెక్టు అయితే మళ్లీ రాయడమే, అందులో కట్టడానికేమీ లేదు. టీచరుకు ఫోన్ చేసి ‘ఈసారికి చూసీ చూడనట్టు పోనివ్వండి’ అని అడగాలనిపించడం సహజం. పిల్లలు పక్కగదిలో ఉన్నారా లేదా అన్నది చూసుకునైనా అడగండి. అసలు అడగకపోతే ఇంకా మంచిది.

దసరా సెలవుల్లో అమరావతి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు గుడి, మ్యూజియం చూశాక ధరణికోట వైపు కూడా ఒకసారి వెళ్లి రండి. మైదవోలు శాసనం అందుకున్న ఆ ఉద్యోగి పనిచేసిన చోటు అదే. పిల్లలకు ఒక చిన్న పని ఇవ్వవచ్చు. ప్రయాణంలో కనిపించే బోర్డుల మీద, టోల్ గేటు దగ్గర, బస్సులో, గుడిలో ‘వేయు’, ‘కట్టు’, ‘మినహాయింపు’, ‘పరిహారం’, ‘జరిమానా’ అనే మాటలు ఎక్కడ కనిపించినా ఒక పుస్తకంలో రాసుకోమనండి. ఒక్కోదాని పక్కన ఎవరు వేస్తున్నారు, ఎవరు కడుతున్నారు, ఎవరికి వదిలిపెట్టారు అని రాయాలి. అంబులెన్సుకు టోల్ ఎందుకు ఉండదో, కొందరి కార్లకు ఎందుకు ఉండదో ఆ పట్టికలో తేలిపోతుంది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలు రాసిన మంచి పట్టికలను వచ్చే సంచికలో వేస్తాం. తెలుగు టీచరుకు ఇవ్వండి.